మా పాపకి తొమ్మిది రోజులు మోషన్ అవ్వలేదు: నా అనుభవం

మా పాపకి ఇప్పుడు ఏడు నెలలు. మొదటి మూడు నెలల్లో నువ్వు దేని గురించి ఎక్కువ ఆలోచించావు అని ఎవరైనా అడిగితే, నిద్ర గురించి కాదు, పాప మోషన్ గురించి అనే చెప్తాను. ఎప్పుడైంది, ఎంతైంది, ఏ రంగులో ఉంది, ఇవాళ ఎందుకు అవ్వలేదు, ఇదే ఆలోచన. ఈ విషయంలో రెండుసార్లు మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. రెండుసార్లూ పైకి కనిపించింది ఒకటే, పాప దొడ్డికి వెళ్లట్లేదు. కానీ మొదటిసారి అది నిజంగా సమస్య, రెండోసారి అసలు సమస్యే కాదు. మేమేమో మొదటిసారి నిశ్చింతగా కూర్చున్నాం, రెండోసారి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం. ఈ తేడా నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇంకో తల్లికైనా ముందే తెలుస్తుందని రాస్తున్నా.

పాప పుట్టినప్పుడు బరువు 3.1 కిలోలు. మొదటి రోజే నల్లగా, తారులాగా జిగురుగా మోషన్ అయింది. ఎంత తుడిచినా వదలదు, గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో మెల్లగా తుడవాల్సి వచ్చింది. అది పొట్టలో ఉన్నప్పటిది, ముందు అదే బయటికి రావాలి, మంచిదే అన్నారు సిస్టర్. మూడో రోజుకి ముదురు ఆకుపచ్చలోకి మారింది. ఐదో రోజుకల్లా పసుపు రంగులోకి రావాలట, అది నాకు తెలియదు. మా పాపకి ఆ ముదురు రంగే ఉండిపోయింది, అదీ కొంచెం కొంచెంగా, రోజుకోసారి డైపర్‌కి అంటుకున్నట్టు. రెండో వారంలో అయితే రెండు రోజులకోసారి.

నేను సంతోషపడ్డాను, నిజంగా. కుట్లు నొప్పి, నిద్ర లేదు, ఒక డైపర్ తక్కువ మార్చినా అదే పదివేలు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "పాలన్నీ ఒంటికి పడుతున్నాయి, అందుకే బయటికి ఏమీ రావట్లేదు" అన్నారు. పాప కూడా ఎక్కువ ఏడ్చేది కాదు. రొమ్ము పట్టిన ఐదు నిమిషాలకే నిద్రపోయేది, మూడు నాలుగు గంటలు లేచేది కాదు. ఎంత మంచి పాపో అనుకున్నాం. ఆరో రోజు డైపర్‌లో ఇటుకపొడి రంగులో చిన్న మరక కనిపించింది. రక్తమేమో అని భయపడి ఆసుపత్రికి ఫోన్ చేస్తే, "పాలు చాలక మూత్రం చిక్కబడితే అలా వస్తుంది, ఎక్కువసార్లు పట్టండి" అన్నారు. రక్తం కాదు కదా అని ఊపిరి పీల్చుకున్నాం, అంతే. పాలు చాలట్లేదు అన్న మాట మాత్రం చెవికెక్కలేదు.

పద్నాలుగో రోజు చెకప్‌కి వెళ్లాం. బరువు 2.92. డాక్టరమ్మ రోజుకి ఎన్నిసార్లు మోషన్ అవుతుంది అని అడిగారు, నేను అదేదో గొప్ప విషయం అన్నట్టు "రెండు రోజులకోసారే మేడమ్, అసలు ఇబ్బంది పెట్టదు" అన్నాను. ఆవిడ రాయడం ఆపేశారు. ఉచ్చ ఎన్నిసార్లు పోస్తుంది అని అడిగారు. మూడో నాలుగో అన్నాను.

అప్పుడు చెప్పారు. పుట్టిన నాలుగైదు రోజుల తర్వాత నుంచి దాదాపు నెలా నెలన్నర వరకు, తల్లిపాలే తాగే పిల్లలకి రోజుకి మూడు నాలుగుసార్లు పసుపు రంగు మోషన్ అవుతుందట, కొందరికి పాలు తాగిన ప్రతిసారీ అవుతుందట. ఆ వయసులో లోపలికి ఎంత వెళ్తోందో తెలిసేది బయటికి వచ్చేదాన్ని బట్టే. ఐదో రోజు దాటాక ఉచ్చ రోజుకి ఆరుసార్లు తగ్గకూడదు. పుట్టగానే కొంత బరువు తగ్గడం మామూలే కానీ రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి తిరిగి రావాలి. మా పాప రాలేదు. అంటే పాలు ఒంటికి పట్టడం కాదు, అసలు కడుపులోకే సరిగ్గా వెళ్లట్లేదు. ఎక్కువ నిద్రపోవడం కూడా మంచితనం కాదు, పీల్చే ఓపిక లేక నిద్రపోతోంది.

ఆ మాట విన్నాక నేను అక్కడే ఏడ్చేశాను. కడుపు నిండని బిడ్డని చూసి మంచి పాప అని మురిసిపోయాను కదా అన్న బాధ, అది చాలా రోజులు పోలేదు.

అదే రోజు పాలు పట్టడం నేర్పే సిస్టర్ దగ్గర కూర్చోబెట్టారు. నన్ను మామూలుగా ఎలా పడతానో అలా పట్టమన్నారు. పాప వదిలేశాక నా చనుమొన చూపించి, "చూడమ్మా, ఒక పక్కకి నొక్కుకుపోయి కొత్త లిప్‌స్టిక్ కొసలాగా ఏటవాలుగా ఉంది. అంటే పాప మొన మాత్రమే పట్టుకుని నములుతోంది, పాలు రావట్లేదు" అన్నారు. రెండు వారాల నుంచి ఆ నొప్పి అందరికీ ఉండేదే అనుకుని పళ్లు బిగపట్టుకున్నాను. తర్వాత ఆవిడ పాప వీపుని తన అరచేతిలో ఆనించి, పై పెదవి మీద చనుమొనతో మెల్లగా రాసి, ఆవులించినంత పెద్దగా నోరు తెరిచేదాకా ఆగి, ఒక్కసారిగా దగ్గరికి తెచ్చారు. ముందు గడ్డం ఆనింది. చుట్టూ ఉన్న నల్లటి భాగం పైకంటే కిందవైపు ఎక్కువ నోట్లోకి వెళ్లింది, కింది పెదవి బయటికి మడతపడింది. ఒక నిమిషం గడిచాక "క్, క్" అని చిన్నగా మింగుతున్న చప్పుడు వినిపించింది. పద్నాలుగు రోజుల్లో ఆ చప్పుడు వినడం నాకు అదే మొదటిసారి. నొప్పి కూడా లేదు.

ఆ తర్వాత వారం మాకు రాత్రీ పగలూ తేడా లేదు. రెండు, రెండున్నర గంటలకోసారి లేపి మరీ పట్టడం, పట్టాక పిండిన పాలు స్పూన్‌తో పోయడం. మా ఆయన అలారం పెట్టుకుని లేచి పాప పాదాలు రుద్ది లేపేవారు. మూడో రోజు తెల్లవారుజామున డైపర్ విప్పితే పసుపు పచ్చటి ఆవముద్ద రంగులో, మధ్యలో చిన్న చిన్న గింజల్లాంటి పలుకులతో మోషన్. ఆ వేళప్పుడే లైట్లన్నీ వేసి అత్తయ్యని లేపి చూపించాను. వారానికి 210 గ్రాములు పెరిగింది, పుట్టినప్పటి బరువు దాటింది. రోజుకి నాలుగైదుసార్లు మోషన్. అప్పుడే ఒక నోట్‌బుక్ పెట్టాను, పాలు ఒక గడి, ఉచ్చ ఒక గడి, మోషన్ ఒక గడి.

ఆ నోట్‌బుక్కే తర్వాత నన్ను భయపెట్టింది.

ఏడో వారంలో, నలభై అయిదో రోజు మధ్యాహ్నం మోషన్ అయింది. మర్నాడు లేదు. ఆ మర్నాడు లేదు. మూడో గడి ఖాళీగా అలా కిందికి పోతూనే ఉంది. ఇంతకుముందు ఒకసారి దెబ్బతిన్నదాన్ని కదా, నా గుండె జారిపోయింది. మళ్లీ పాలు చాలట్లేదు, మళ్లీ నేనే ఏదో తప్పు చేస్తున్నాను అని. పాలు చప్పరిస్తోంది, మింగుతోంది, డైపర్లు బరువుగా తడుస్తున్నాయి, నవ్వుతోంది కూడా, కానీ నా కళ్లు ఆ ఖాళీ గడి మీదే. పైగా రోజుకి రెండుసార్లు పాప ముఖం కందగడ్డలా చేసుకుని, కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్లు బిగించి పదిహేను నిమిషాలు ముక్కుతూ ఏడ్చేది. గ్యాస్ వచ్చేది, అంతే. చూస్తుంటే నా కడుపు తరుక్కుపోయేది.

అందరూ తలో మాట అన్నారు. నీళ్లు పట్టమన్నారు, తేనె నాకించమన్నారు, పాలు మార్చి డబ్బా పాలు ఇవ్వమన్నారు. నేను నీళ్లకీ తేనెకీ ఒప్పుకోలేదు, ఆ ఒక్క విషయంలో నన్ను నేను మెచ్చుకుంటాను. ఆరు నెలల లోపు నీళ్లు పడితే ఆ చిన్న పొట్టలో పాలకి చోటుండదు, ఒంట్లో సోడియం కూడా తగ్గిపోవచ్చు. తేనె అయితే ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, దాంట్లో బొట్యులిజం అనే జబ్బు తెచ్చే క్రిములు ఉండొచ్చు, ఆ జబ్బు చాలాసార్లు మలబద్ధకంతోనే మొదలవుతుంది.

కానీ ఐదో రోజు రాత్రి పాప ముక్కడం చూడలేక ఎవర్నీ అడక్కుండా పిల్లలకి మలద్వారంలో పెట్టే మందు, గ్లిజరిన్ సపోజిటరీ, పెట్టేశాను. పది నిమిషాల్లో బోలెడంత మోషన్ అయింది. హమ్మయ్య అనుకుంటూ తుడుస్తుంటే అప్పుడు గమనించాను, అదంతా పేస్టులాగా మెత్తగా ఉంది. ఎక్కడా గట్టి ఉండ లేదు. ఇంత మెత్తగా ఉన్నదాన్ని బయటికి లాగడానికి మందు ఎందుకు పెట్టాను అన్న ఆలోచన ఆ రాత్రి వచ్చింది కానీ, మర్నాటి నుంచి మళ్లీ గడి ఖాళీ అవుతుంటే ఆ ఆలోచన కాస్తా పోయి టెన్షన్ మిగిలింది.

సపోజిటరీ పెట్టిన రోజు నుంచి మళ్లీ లెక్కేస్తే ఏడో రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడే, మొదట చూసినావిడే. ముందు బరువు చూశారు, 4.2 కిలోలు. పాప బట్టలు విప్పి, చేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకుని పొట్టంతా మెల్లగా నొక్కి చూశారు, మెత్తగానే ఉంది. మలద్వారం చూశారు, వెన్ను కింది భాగం చూశారు. తర్వాత వరసగా ప్రశ్నలు. పుట్టాక మొదటి నల్లటి మోషన్ ఎన్ని గంటలకి అయింది? ఎప్పుడైనా ఆకుపచ్చగా వాంతి అయిందా? గ్యాస్ పోతోందా? మోషన్‌లో రక్తం? పాలు ఇష్టంగా తాగుతోందా? ఉచ్చ ఎన్నిసార్లు? మొదటి మోషన్ గురించి ఎందుకు అడిగారంటే, కొంతమంది పిల్లలకి పెద్దపేగు చివరి భాగంలో నరాల కణాలు పుట్టుకతోనే ఉండవట, హిర్ష్‌స్ప్రంగ్ అంటారు దాన్ని. వాళ్లలో చాలామందికి ఆ మొదటి మోషన్ రావడానికే రెండు రోజులు దాటిపోతుంది. మా పాపకి మొదటి రోజే అయింది కాబట్టి ఆ అనుమానం చాలావరకు లేదన్నారు. థైరాయిడ్ తక్కువున్నా ఇలా అవుతుందట, పుట్టినప్పుడు మడమ నుంచి రక్తం తీసి చేసిన పరీక్ష రిపోర్టు అడిగి చూశారు, అదీ మామూలే.

అన్నీ చూశాక నవ్వి, "పాప బాగుంది. ఇది మలబద్ధకం కాదు" అన్నారు.

మలబద్ధకం అంటే ఎన్ని రోజులకి అయింది అన్నది కాదు, ఎలా అయింది అన్నది. గట్టిగా, ఎండిన చిన్న ఉండల్లా వస్తే, రెండో రోజే వచ్చినా అది మలబద్ధకమే. మెత్తగా వస్తే వారం తర్వాత వచ్చినా కాదు. మొదట్లో వచ్చే ముర్రుపాలు పేగుల్ని కదిలిస్తాయి, విరేచనకారిలాగా పనిచేస్తాయి. ఆరు వారాలు దాటాక, తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల్లో కొందరికి మోషన్లు బాగా తగ్గిపోతాయి, పాలు దాదాపు మొత్తం అరిగిపోయి బయటికి పంపడానికి మిగిలేది తక్కువ. వారం, పది రోజులు కూడా ఆగొచ్చు. బరువు పెరుగుతూ, ఉచ్చ పోస్తూ, ఆడుకుంటూ ఉంటే అది ఆ బిడ్డ తీరు అంతే.

నాకు కోపం కూడా వచ్చింది. "మేడమ్, రెండో వారంలో రెండు రోజులకోసారి అంటేనే మీరు భయపడ్డారు, ఇప్పుడు ఏడు రోజులైనా పర్లేదంటున్నారు" అన్నాను. "అప్పుడు పాప వయసు రెండు వారాలమ్మా, ఇప్పుడు ఎనిమిది. అప్పుడు బరువు లేదు, ఉచ్చ లేదు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి" అన్నారు. పక్కనే ఉన్న అత్తయ్య అప్పటిదాకా ఏమీ అనలేదు, అప్పుడు మాత్రం "అయితే గడి చూడటం మానేసి పిల్లని చూడమ్మా" అన్నారు నాతో.

మరి ఆ ముక్కడం ఏంటి అని అడిగాను. దానికి డిస్కీజియా అని పేరుందట. మోషన్ రావాలంటే పొట్ట బిగించాలి, అదే సమయంలో కింద కండరం వదలాలి. మనకి అలవాటైపోయి తెలియదు కానీ పసిపిల్లలకి ఆ రెండూ ఒకేసారి చేయడం రాదు. పైన బిగిస్తారు, కింద కూడా బిగించేస్తారు. ఏడుపు వల్ల పొట్ట మీద ఒత్తిడి వస్తుంది కాబట్టి ఏడుస్తారు కూడా. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు అలా అవస్థపడి చివరికి వచ్చేది మెత్తగానే ఉంటుంది. తొమ్మిది నెలల లోపు పిల్లల్లోనే ఉంటుంది, వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు, మందు అక్కర్లేదు. సపోజిటరీ సంగతి చెప్పాను, తల దించుకునే చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ఒక్కసారికి ఏం కాదు. కానీ ప్రతిసారీ పెడితే లోపల ఏదో కదిలితేనే వదలాలి అని అలవాటు పడుతుంది, తనంతట తను నేర్చుకోవడం ఆలస్యమవుతుంది" అన్నారు. థర్మామీటర్ కొస పెట్టి కదిలించడం లాంటివి కూడా వద్దన్నారు.

ఎప్పుడు పరిగెత్తుకు రావాలో కూడా చెప్పారు, అది నేను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను: పొట్ట ఉబ్బి గట్టిగా అయితే, ఆకుపచ్చ వాంతి అయితే, మోషన్‌లో రక్తం కనిపిస్తే, జ్వరం వస్తే, పాలు తాగనని మొండికేసినా మత్తుగా పడి ఉన్నా, బరువు ఆగిపోయినా, ఎన్ని రోజులైంది అన్న లెక్కతో పని లేకుండా రావాలి. మోషన్ తెల్లగా, సున్నం రంగులో వస్తే అది కాలేయానికి సంబంధించింది కావచ్చు, అది రోజూ అవుతున్నా సరే వెంటనే చూపించాలి. ఈ ఆఖరిది చాలామందికి తెలియదు, నాకూ తెలియదు.

ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్లతో స్నానం, బొడ్డు చుట్టూ మెల్లగా గుండ్రంగా రుద్దడం, కాళ్లు సైకిల్ తొక్కినట్టు ఆడించడం చేశాం. దానివల్ల మోషన్ అయిందని చెప్పలేను, కానీ పాపకి హాయిగా ఉండేది, నా చేతులకీ ఏదో పని దొరికింది. ఎక్కువ ముక్కుతున్నప్పుడు మోకాళ్లు పొట్టకి ఆనేలా ఒళ్లో గొంతుక్కూర్చోబెట్టినట్టు పట్టుకునేదాన్ని, అలా ఏడుపు తగ్గేది. ఎనిమిదో రోజు కూడా ఏమీ లేదు. రాత్రి రెండుసార్లు లేచి పొట్ట తడిమి చూశాను, మెత్తగానే ఉంది.

తొమ్మిదో రోజు సాయంత్రం పాలు పట్టి భుజాన వేసుకున్నాను. పాప ఒక్కసారిగా కదలడం ఆపేసింది, కళ్లు ఎటో చూస్తున్నాయి, ఒళ్లంతా బిగిసింది. తర్వాత ఒక పెద్ద చప్పుడు, నా అరచేతికి వెచ్చగా తగిలింది. డైపర్ దాటి వీపు మీదుగా మెడ దాకా వచ్చేసింది. నా చీర, భుజాన ఉన్న తువ్వాలు, అన్నీ పసుపు. తొమ్మిది రోజులది కదా, వాసన మామూలుకంటే ఘాటుగానే ఉంది, కానీ వెన్నలా మెత్తగా ఉంది. చొక్కా తల మీదుగా తీస్తే జుట్టంతా అవుతుందని భుజాల మీద నుంచి కిందికి లాగి తీశాం. అత్తయ్య బకెట్‌తో నీళ్లు తెస్తూ "ఇన్నాళ్లు ఎక్కడ దాచుకున్నావే తల్లీ" అంటుంటే పాప బోసినోటితో నవ్వుతోంది. మా ఆయన నోట్‌బుక్ తెచ్చి ఆ గడిలో రాయబోయి, ఎలా రాయాలో తెలియక పక్క గడుల మీద కూడా పడేలా ఒక పెద్ద సున్నా చుట్టారు.

ఆ తర్వాత నాలుగో నెల దాకా అదే వరస, ఐదు రోజులకో ఎనిమిది రోజులకో ఒకసారి. ముక్కడం మూడో నెల చివరికి తగ్గిపోయింది, మందేమీ వాడలేదు. తర్వాత దానంతటదే రెండు మూడు రోజులకోసారికి వచ్చింది. ఆరో నెల నిండి ఘనాహారం మొదలుపెట్టాక మళ్లీ మారింది, ఒకసారి నిజంగానే గట్టిగా ఉండల్లా వచ్చింది, అప్పుడు పాప ఏడ్చిన ఏడుపు వేరు. ఇప్పుడు ఆ వయసు వచ్చింది కాబట్టి డాక్టర్‌ని అడిగి ముద్దని పలచగా చేసి, మధ్యలో కొద్దికొద్దిగా నీళ్లు పట్టాం, సర్దుకుంది.

పోయిన నెల మా తమ్ముడి భార్య ఫోన్ చేసింది. "వదినా, బాబుకి మోషన్ అయి రెండు రోజులైంది. నువ్వేమో పాపకి తొమ్మిది రోజులు ఆగిందన్నావు కదా, అందుకని మేమేం కంగారుపడట్లేదులే" అంది.

"వాడికి ఎన్ని రోజులు?" అని అడిగాను.

"రెండు రోజులైంది వదినా, చెప్పాను కదా."

"మోషన్ సంగతి కాదు, వాడు పుట్టి ఎన్ని రోజులు?"

"రేపటికి పన్నెండు."

ఉచ్చ ఎన్నిసార్లు పోస్తున్నాడు, పాలు మింగుతున్న చప్పుడు వినిపిస్తోందా అని అడిగాను. సరిగ్గా చెప్పలేకపోయింది. ఎక్కువ నిద్రపోతున్నాడు వదినా అంది. తమ్ముడికి ఫోన్ ఇమ్మని, రేపటిదాకా ఆగకుండా ఆ సాయంత్రమే తీసుకెళ్లి బరువు చూపించమని చెప్పాను.